కొచ్చి సినగాగు చూడాలంటే ఏ రోజు వెళ్ళాలి, లోపల అసలు ఏముంటుంది? (మా అత్తయ్య కోసం)

లలిత_ఎంవీపీ

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. మా అత్తయ్యకి 71 ఏళ్ళు. పాత పోస్టాఫీసు దగ్గర పుట్టి పెరిగిన మనిషి, ఊహ తెలిసినప్పటి నుంచి చర్చి తప్ప ఇంకో లోకం లేదు. ఆవిడకి ఎప్పటి నుంచో ఒకటే కోరిక, యేసు ప్రభువు చదివిన సమాజమందిరం లాంటిది చచ్చేలోగా ఒక్కటి చూడాలని. యెరూషలేము యాత్రకి పంపే స్తోమత మాకు లేదు, ఆవిడ మోకాళ్ళకి ఆ ఓపికా లేదు. మన వైజాగ్‌లో గుడి, మసీదు, చర్చి, బౌద్ధుల కొండలు అన్నీ ఉన్నాయి గానీ సినగాగు, అంటే యూదుల సమాజమందిరం, మాత్రం లేదు కదా. అందుకని కొచ్చిలో మట్టాంచేరిది చూపిద్దామని బొకారో ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు వెతుకుతున్నాం.

2019లో నేనూ మా ఆయనా ఒకసారి వెళ్ళాం. శనివారం మధ్యాహ్నం వెళ్ళి నిలబడితే తలుపులు మూసి ఉన్నాయి. యూదులకి శనివారం విశ్రాంతి దినం అని సండే స్కూలు పిల్లల్ని అడిగినా చెప్తారు, మాకు మాత్రం తట్టలేదు. గడియారం గోపురం కింద ఫొటో దిగి, యాలకులు కొనుక్కుని వచ్చేశాం. అత్తయ్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఈసారి తప్పు చెయ్యకూడదు. మాకు దొరికేలా ఉన్న టికెట్ ప్రకారం శుక్రవారం సాయంత్రం దిగుతాం, ఆదివారం రాత్రి తిరుగు రైలు. సరిపోతుందా? లోపల ఏం చూడాలి, ఆవిడకి ఏమని చెప్పాలి? ఆడవాళ్ళని కింద కూర్చోనిస్తారా, ముసుగు వేసుకోవాలా, కానుక వెయ్యాలా? ఇంకోటి, ఆవిడ అక్కడ మోకరించి పాట పాడతానంటోంది. ఏం చెప్పాలో తెలీక ఇక్కడికి వచ్చాను.

మల్కాపురం_నేవీ

లలితగారూ, మా ఆయన పోస్టింగు మీద కొచ్చిలో మూడేళ్ళు ఉన్నాం, వైజాగ్ నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ మట్టాంచేరి తిప్పడం నా డ్యూటీ. కాబట్టి ముందు పని మాట చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచే మూసేస్తారు, శనివారం అంతా మూతే. మీ ప్లాను ప్రకారం మీకు మిగిలేది ఆదివారం ఒక్కటే. ఆదివారం తెరుస్తారు, మధ్యాహ్నం భోజనాల వేళ కాసేపు మూస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళిపోండి. ఇంకో చిక్కు ఉంది, యూదుల పండగలకి కూడా మూసేస్తారు. మన వాళ్ళంతా దసరా సెలవులకే కదా బయల్దేరతారు. వాళ్ళ పెద్ద పండగలు కూడా సరిగ్గా అప్పుడే. వాళ్ళదీ చంద్రుణ్ణి బట్టి నడిచే పంచాంగమే, మనలాగే అధిక మాసం కలుపుకుంటారు. తిష్రీ నెల పాడ్యమికి కొత్త సంవత్సరం, పదో రోజు ఉపవాసం, పున్నమి నాడు పర్ణశాలల పండగ మొదలు. చాలా ఏళ్ళు ఇది మన నవరాత్రుల మీదే పడుతుంది, కొన్నేళ్ళు నెల ముందు వస్తుంది. మా ఆడపడుచు కుటుంబం సరిగ్గా దసరాకే వచ్చి రెండుసార్లు మూసిన తలుపు చూసి పోయారు. టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి.

చెప్పులు బయట విప్పాలి. ఇది వేరే దేశాల సినగాగుల్లో పెద్దగా కనపడదు, కేరళలో మాత్రం గుడి అలవాటు వీళ్ళకీ అబ్బింది. చేతులు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి, చీర అయితే దిగులే లేదు. కొబ్బరికాయ, పువ్వులు, కొవ్వొత్తి ఏమీ తీసుకెళ్ళకండి.

లోపలికి అడుగు పెట్టగానే అందరూ కిందకే చూస్తారు. నీలం, తెలుపు చైనా పింగాణీ పలకలు, చేత్తో రంగు వేసినవి, వెయ్యికి పైనే ఉంటాయి, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. 18వ శతాబ్దంలో ఎజెకియల్ రహాబీ అనే యూదు వర్తకుడు చైనా నుంచి తెప్పించాడు, ఆ గడియారం గోపురం కూడా ఆయన కట్టించిందే, 1760లో. గైడ్లు ఒక కథ చెప్తారు, ఈ పలకలు ముందు రాజుగారి కోసం వచ్చాయనీ, వాటి తయారీలో ఆవు రక్తం వాడారని ఎవరో చెవిలో ఊదేసరికి రాజు వద్దన్నాడనీ, అలా ఇటు వచ్చాయనీ. నిజమో కాదో గానీ చెప్పేటప్పుడు మాత్రం భలే చెప్తారు. తర్వాత తల పైకెత్తితే బెల్జియం గాజు దీపాలు వేలాడుతుంటాయి. ఇవన్నీ బావుంటాయి, కానీ ఇవి అలంకారం మాత్రమే. మీ అత్తగారు చూడాలనుకునేది వేరే, అది పెద్దలెవరైనా చెప్తే బావుంటుంది.

రాస్‌హిల్_తాత

అమ్మా లలితా, మీ అత్తగారిది మా పేటే అన్నావు కాబట్టి చెప్పకుండా ఉండలేను. నలభై ఏళ్ళు సండే స్కూలు చెప్పాను, ఈ ముక్క మీద పిల్లలు అడగని ప్రశ్న లేదు.

ముందు మాట గురించి. సినగాగు అనేది గ్రీకు మాట, కూడుకోవడం అని అర్థం. యూదులు హీబ్రూలో బేత్ క్నెసెత్ అంటారు, సమావేశపు ఇల్లు. మన తెలుగు బైబిల్లో సమాజమందిరం అని రాశారు చూడు, అంత చక్కగా కుదిరిన అనువాదం ఇంకోటి ఉండదు. తెలుగు బైబిలు అనగానే మన ఊరిని తలుచుకోవాలి మరి. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు దొరలు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చేసింది ఇక్కడే, 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఈ సంగతి మన ఊళ్ళో ఎంతమందికి తెలుసో గానీ, వదిలెయ్యి.

రెండోది, చాలామంది కలిపేసేది. దేవాలయం వేరు, సమాజమందిరం వేరు. దేవాలయం యెరూషలేములో ఒక్కటే. బలులు, ధూపం, యాజకులు, అతి పరిశుద్ధ స్థలం, అన్నీ అక్కడే. దాన్ని రోమా వాళ్ళు క్రీస్తు శకం 70లో కూల్చేశారు, మళ్ళీ కట్టలేదు, బలులు అక్కడితో ఆగిపోయాయి. సమాజమందిరం మాత్రం ఊరూరా ఉండేది, ఇప్పటికీ ఉంది. అందులో బలి లేదు, విగ్రహం లేదు, పటం లేదు, గర్భగుడి లేదు. దేవుడు అక్కడ కాపురం ఉంటాడని కాదు, జనం అక్కడ చేరి గ్రంథం చదువుకుంటారు, ప్రార్థన చేస్తారు. పూర్వం తూర్పు యూరపు యూదులు దాన్ని షూల్ అనేవాళ్ళు, అంటే బడి అని. బడీ అదే, పంచాయితీ చావడీ అదే, ప్రార్థనాలయం అదే.

లోపల మీ అత్తగారికి మూడే మూడు చూపించు. మొదటిది, పడమటి గోడకి ఆనుకుని చెక్కతో చెక్కి బంగారు పూత పూసిన బీరువా లాంటిది ఉంటుంది, ముందు తెర వేసి ఉంటుంది. నిబంధన మందసం పేరు మీదే దాన్ని పిలుస్తారు, కానీ అది మోషే మందసం కాదు, ఆవిడ పొరపాటు పడొచ్చు. అందులో ఉండేవి తోరా గ్రంథపు చుట్టలు, మన బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలు. పడమటే ఎందుకు అంటే మన దేశం నుంచి యెరూషలేము అటే కదా. రెండోది, దాని పైన ఎప్పుడూ వెలిగే దీపం, మన అఖండ దీపం అనుకో. మూడోది, హాలు నడిమధ్యన ఇత్తడి కడ్డీల చుట్టుగోడతో ఎత్తైన వేదిక. గ్రంథాన్ని బీరువాలోంచి తీసి ఊరేగింపుగా తెచ్చి అక్కడ పెట్టి చదువుతారు. చర్చిలో మనం అందరం ముందుకి చూస్తాం, ఇక్కడ జనం చుట్టూ కూర్చుంటే చదివేవాడు మధ్యలో ఉంటాడు. కేరళలో ఇంకో విశేషం, పైన గ్యాలరీలో కూడా రెండో వేదిక ఒకటి ఉంటుంది, వేరే చోట్ల ఇలా కనపడదు.

నిజం కూడా ఒకటి చెప్పాలి. యేసు ప్రభువు నజరేతులో చదివిన మందిరం ఇలా ఉండేది కాదు. ఆ కాలంలోవి సాదా రాతి గదులు, గోడల వెంట రాతి అరుగులు, అంతే. కపెర్నహూములో ఇప్పుడు కనిపించే తెల్లరాతి స్తంభాలు కూడా ప్రభువు తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళకి కట్టినవి, వాటి కింద నల్లరాతి పునాది కనిపిస్తుంది. కొచ్చిది 1568లో కట్టారు. కానీ పద్ధతి చాలా వరకు అదే. లూకా సువార్త 4వ అధ్యాయం ఒకసారి తీసి చదివించు. ప్రభువు నిలబడి చదివాడు, గ్రంథం చుట్టి పరిచారకుడికి ఇచ్చాడు, కూర్చుని బోధించాడు. చుట్టి ఇవ్వడం అనే మాట ఆ చుట్టల బీరువా ముందు నిలబడితే గానీ అర్థం కాదు.

గాజువాక_చిన్ని

ఇంత సబ్జెక్టు ఎందుకండీ బాబూ, ఆ వీధిలో పాత సామాన్ల షాపులు బ్రహ్మాండంగా ఉంటాయి, మేం గంటన్నర షాపుల్లో తిరిగి పది నిమిషాలు లోపలికి వెళ్ళి వచ్చేశాం. ఖాళీ హాలు, కుర్చీలు, దీపాలు. నాకైతే ఏమీ అనిపించలేదు.

విజయ_హైఫా

చిన్నిగారూ, ఖాళీ హాలు అని మీరన్నది నిజమే, అదే నేను రాద్దామనుకున్నాను. మాది భీమిలి దగ్గర. ఏడేళ్ళు ఇజ్రాయెల్‌లో హైఫాలో ముసలివాళ్ళని చూసుకునే పని చేశాను, మన ఆంధ్రా ఆడవాళ్ళు ఆ పని మీద అక్కడ చాలామంది ఉన్నారు. హైఫా కూడా కొండ, కింద ఓడరేవు, సాయంత్రం కైలాసగిరి మీద నుంచి చూసినట్టే ఉండేది, ఏడుపు వచ్చేది మొదట్లో. నేను చూసుకున్న బామ్మకి 90 దాటాయి, ప్రతి శనివారం చక్రాల కుర్చీలో సినగాగుకి తీసుకెళ్ళాలి. కాబట్టి నేను చూసింది జనం ఉన్నప్పటి సినగాగు.

శుక్రవారం పొద్దు గుంకే ముందే ఇంట్లో దీపాలు వెలిగిస్తారు, అక్కడి నుంచి శనివారం చుక్కలు పొడిచే దాకా ఫోను లేదు, కారు లేదు, స్విచ్ వెయ్యరు, డబ్బు ముట్టరు. అందుకే శనివారం కానుక పెట్టె అనే మాటే ఉండదు, టికెట్ అమ్మడం అసలు కుదరదు. లలితగారూ, కొచ్చిలో మూసేది ఇందుకే, సెలవు రోజని కాదు.

గుమ్మం పక్కన కుడివైపు చిన్న డబ్బీ ఏటవాలుగా కొట్టి ఉంటుంది. లోపల లేఖనాల ముక్క చర్మం మీద రాసి పెడతారు, వచ్చేవాళ్ళు దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకుంటారు. మగవాళ్ళందరికీ తల మీద చిన్న టోపీ ఉండాలి, లేనివాళ్ళ కోసం గుమ్మం దగ్గర బుట్టలో పెడతారు. మా బామ్మది పాత పద్ధతి సినగాగు, ఆడవాళ్ళు వేరే, మేం ఒక జాలీ తెర వెనక కూర్చునేవాళ్ళం. అన్నిచోట్లా ఇలా కాదు, కొన్ని శాఖల్లో ఆడా మగా కలిసే కూర్చుంటారు. ఆడవాళ్ళు గ్రంథం చదివే చోట్లు కూడా ఉన్నాయి.

నాకు మొదట ఆశ్చర్యమేసింది ఏంటంటే అక్కడ పూజారి లేడు. రబ్బీ అంటే ధర్మశాస్త్రం చదువుకున్న గురువు, యాజకుడు కాదు, ఆయన రాకపోయినా ప్రార్థన ఆగదు. ఆగేది పదిమంది లేకపోతే. పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు పదిమంది చేరితే గానీ గ్రంథం బయటికి తియ్యరు, కొన్ని ప్రార్థనలు చెప్పరు. ఆ పదిమందిని మిన్యాన్ అంటారు. చలికాలం పొద్దున్న తొమ్మిది మందే ఉంటే ఒకాయన వీధిలోకి వెళ్ళి దారిన పోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు, నేను ఎన్నిసార్లు చూశానో. ఆ వచ్చినవాడు కూరల సంచీ పక్కన పెట్టి నిలబడేవాడు.

గ్రంథం తీసినప్పుడు అందరూ లేచి నిలబడతారు. దాన్ని ఎత్తుకుని నడుస్తుంటే పిల్లలు ఎగబడి ముద్దు పెట్టుకుంటారు. చర్మం మీద చేత్తో రాసింది, మూడు లక్షల నాలుగు వేల చిల్లర అక్షరాలు, ఒక్క అక్షరం చెడినా బాగుచేసే దాకా చదవడానికి పనికిరాదు. వేలితో ముట్టకూడదని చివర చిన్న చెయ్యి బొమ్మ ఉన్న వెండి పుల్లతో చూపిస్తూ చదువుతారు. అందులో అచ్చుల గుర్తులు లేవు, రాగం గుర్తులు లేవు, అన్నీ ముందే నేర్చుకుని రావాలి. సింహాచలంలో వేదం చదివేవాళ్ళకి స్వరం ఎలా తప్పకూడదో అలాగే. ఒక్క మాట తప్పు పలికితే నాలుగు మూలల నుంచీ అరుస్తారు, చదివేవాడు వెనక్కి వెళ్ళి సరిగ్గా చదవాల్సిందే, ఎవరూ ఏమీ అనుకోరు. సోమవారం, గురువారం కొంచెం కొంచెం, శనివారం వారం భాగం మొత్తం. ఏడాదికి ఐదు పుస్తకాలూ పూర్తయ్యేలా లెక్క. చివరి వాక్యం చదివిన రోజే మళ్ళీ మొదటి వాక్యం మొదలుపెడతారు, ఆ రోజు గ్రంథాలు ఎత్తుకుని గంతులు వేస్తారు, మన గంగమ్మ జాతరలో గరగలు ఎత్తుకున్నట్టే ఉంటుంది. పాతబడి చిరిగినవాటిని పారెయ్యరు, మనిషిని పాతిపెట్టినట్టు పాతిపెడతారు.

ఇంకోటి నవ్వొచ్చేది. కుర్రాడికి పదమూడేళ్ళు వచ్చి మొదటిసారి గ్రంథం చదివినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి చాక్లెట్లు విసురుతారు. మా బామ్మ గురి చూసి కొట్టేది, నన్ను కూడా కొట్టమనేది. అయ్యాక పక్క గదిలో ద్రాక్షరసం, రొట్టె, ముందురోజు నుంచి సన్న సెగ మీద ఉంచిన కూర. సగం మంది దాని కోసమే వస్తారని బామ్మ అనేది.

కొచ్చి నుంచి వచ్చి స్థిరపడిన మలయాళీ యూదులు ఇజ్రాయెల్‌లో చాలామంది ఉన్నారు, ఒక పెద్దావిడ నన్ను చూసి మలయాళంలో మొదలుపెట్టేసింది. 1950ల్లోనే ఊళ్ళకి ఊళ్ళు లేచి వెళ్ళిపోయారు. మట్టాంచేరిలోనే ఇంకో సినగాగు ఉండేది, కడవుంభాగం అని, దాని లోపలి చెక్కపని అంతా విప్పి తీసుకెళ్ళి యెరూషలేములో మ్యూజియంలో మళ్ళీ బిగించారు, నేను చూశాను. కొచ్చిలో హాలు ఉంది, పదిమంది లేరు. అందుకే మీకు ఖాళీగా అనిపించింది చిన్నిగారూ.

తెనాలి_టు_ఉక్కునగరం

విజయగారి పోస్టు తర్వాత రాయాలంటే మొహమాటంగా ఉంది, కానీ ఒకటి ఎవరూ చెప్పలేదు. సినగాగు కోసం కేరళ దాకా వెళ్ళనక్కర్లేదు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒకటి ఉంది, 1991లో మొదలుపెట్టారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు తమని తాము, ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని వాళ్ళ నమ్మకం. తెలుగువాళ్ళే, కూలి పనులు చేసుకునే కుటుంబాలే ఎక్కువ. మా తాతగారి ఊరు అటే కాబట్టి ఒకసారి వెళ్ళాను. చైనా పలకలు, గాజు దీపాలు ఏమీ ఉండవు, సాదా చిన్న భవనం, హీబ్రూ పాటలూ తెలుగు పాటలూ. కానీ అది చూసే స్థలం కాదు, జనం వాడుకునే స్థలం. చెప్పకుండా కారులో దిగి ఫొటోలు తియ్యకండి, ముందు అడిగి వెళ్ళండి.

హౌరా వెళ్ళే పని ఎప్పుడైనా పడితే కలకత్తాలో మాగెన్ డేవిడ్ కూడా చూడొచ్చు, 1884 నాటిది, ఎర్ర ఇటుక, పైన పొడుగాటి శిఖరం, బయటి నుంచి చూస్తే అచ్చం చర్చి అనుకుంటారు. దాన్ని తరాలుగా చూసుకుంటున్నది ముస్లిం కుటుంబాలు.

మల్కాపురం_నేవీ

కలకత్తా మాట వచ్చింది కాబట్టి, కేరళలో చేందమంగళం కూడా కలుపుకోండి, కొచ్చి నుంచి గంటన్నర లోపే. అక్కడి పాత సినగాగు ఇప్పుడు మ్యూజియం. గుడి, మసీదు, చర్చి, సినగాగు నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మన పాత టౌన్లో వెంకన్న కొండ, దర్గా కొండ, రాస్ హిల్ పక్కపక్కనే ఉన్నట్టు. మట్టాంచేరిలో కూడా సినగాగు గోడ పక్కనే రాజుగారి కోట, అందులో అమ్మవారి గుడి.

లలిత_ఎంవీపీ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. విజయగారి పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను, చాక్లెట్ల దగ్గర పడీ పడీ నవ్వింది, కూరల సంచీ దగ్గర రెండుసార్లు చదివించుకుంది. టికెట్ మార్చాం, సోమవారం దిగి గురువారం బయల్దేరతాం, పండగ తేదీలు కూడా చూసుకున్నాం. రాస్‌హిల్ తాతగారూ, మీరు చెప్పిన మూడూ ఒక చీటీ మీద పెద్దక్షరాలతో రాసి ఆవిడ బైబిల్లో పెట్టాను. మీరు ఎవరో కనుక్కునే ప్రయత్నంలో ఉంది, జాగ్రత్త.

పాట సంగతి మాత్రం తేలలేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగమంటోంది. వాళ్ళకి పదిమంది లేరంటున్నారు కదా, మేం నలుగురం వెళ్తే లెక్కలో కలుపుకుంటారా అని.

విజయ_హైఫా

కలుపుకోరమ్మా. యూదులే అయి ఉండాలి, పైగా అక్కడి పద్ధతిలో మగవాళ్ళే లెక్క. ఏడేళ్ళు వెళ్ళినా నేనూ ఎప్పుడూ లెక్కలో లేను, బామ్మ కూడా లేదు. పాట గొంతెత్తి వద్దని చెప్పండి, మోకరించడం కూడా వద్దు, అక్కడ మామూలు రోజుల్లో అది వాళ్ళ పద్ధతి కాదు, నిలబడే ప్రార్థిస్తారు. గోడ వెంట బెంచీలు ఉంటాయి, కాసేపు కూర్చోనివ్వండి. మనసులో పాడుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మల్కాపురం_నేవీ

కొత్త చెప్పులు వేసుకెళ్ళకండి. మధ్యాహ్నం దాకా బయట ఎండలో ఉంటే వేసుకునేటప్పుడు కాళ్ళు కాలతాయి.